సీసా మూతికి కట్టిన తెల్ల పెచ్చు

మా కాలేజీ కెమిస్ట్రీ స్టోర్‌రూమ్‌లో ఒక చెక్క బీరువా ఉంది. బరంపురం తేమకి దాని తలుపులు ఉబ్బిపోయి, వానాకాలంలో కాలితో తన్నితే గానీ తెరుచుకోవు. మూడేళ్ల కిందట అందులో ఒక అరలీటరు సీసా పెట్టాం. టెట్రాఇథాక్సీసిలేన్ అని పొడుగు పేరు. ల్యాబ్‌లో అందరూ టీఈఓఎస్ అంటారు. ఏడాదంతా బతిమాలితే వచ్చిన సీసా అది. దసరా సెలవులయ్యాక తీసి చూస్తే మూతి చుట్టూ సున్నం పూసినట్టు తెల్ల పెచ్చు. లోపల సగం జున్నులా గడ్డకట్టింది. పక్కనే, ఎవరో మూత సరిగ్గా బిగించకుండా వదిలేసిన అమోనియా సీసా. ఎవరో ఏమిటి, ఆఖరిసారి దాన్ని వాడింది నేనే కావచ్చు. గాలిలో తేమ, కాస్త అమోనియా ఆవిరి, అంతే. సిలికా, అంటే ఇసకలో ఉండే పదార్థమే, తయారైపోయింది. కొలిమి లేదు, ఎంజైము లేదు.

ఆ పెచ్చు నాకు మళ్లీ గుర్తొచ్చింది పోయిన నెల్లో. పర్లాకిమిడి నుంచి వచ్చి చదువుకుంటున్న మా ఎమ్మెస్సీ కుర్రాడొకడు సెమినార్ స్లైడ్లు చూపించడానికి వచ్చాడు. అంశం బాగుంది. సముద్రపు స్పాంజి ఒంట్లోని ఎంజైముతో సిలికా నానో పదార్థాలు తయారుచేయడం. మొదటి స్లైడులో రెండు బొమ్మలు. ఎడమవైపు పొగ కక్కే ఫ్యాక్టరీ, కింద ఎర్ర అక్షరాల్లో 1000 డిగ్రీలు. కుడివైపు నీలి సముద్రంలో స్పాంజి, కింద ఆకుపచ్చగా 25 డిగ్రీలు.

"బాగుంది గానీ, లెక్క తప్పు" అన్నాను.

"లెక్కే లేదు కదా సార్ అందులో" అన్నాడు.

"అదే తప్పు."

ఈ వ్యాసం ఆ మాటకి వివరణ. వాడికి అప్పుడు పావుగంటలో చెప్పలేకపోయాను.

ముందు స్పాంజి సంగతి. మా అమ్మవాళ్లది గోపాలపురం పక్కన సముద్రపొడ్డు పల్లె. ఒడియావాళ్లు నోళియాలని పిలిచే మన తెలుగు జాలర్లు. ఎనిమిదేళ్లప్పుడు మామయ్య వల దులుపుతుంటే, గుల్లని అంటుకుని వచ్చిన నారింజ రంగు ముద్దొకటి ఇసకలో పడింది. "ముట్టుకోకురా గుంటడా, సెయ్యి దురదెట్టిపోద్ది" అని అరిచేలోపే నేను పట్టుకున్నాను. అరచేయి రెండు రోజులు మండింది. అత్త కొబ్బరినూనె రాసింది, ఏం తగ్గలేదు. కంటికి ముల్లు కనపడదు, తడిమితే గుచ్చుకుంటుంది. మామయ్య దానికి పేరేమీ పెట్టలేదు. "సెత్త" అనేవాడు, తీసి అవతల పారేసేవాడు.

నా చేతిలో దిగినవి గాజు ముళ్లని తెలుసుకోవడానికి నాకు ఇంకో పదిహేనేళ్లు పట్టింది. స్పాంజికి ఎముకలు లేవు, పళ్లు లేవు, నరాలు కూడా లేవు. ఒంటిని నిలబెట్టడానికి చాలా జాతులు సిలికాతో సన్నటి సూదులు చేసుకుంటాయి. వాటిని స్పిక్యూల్స్ అంటారు. కిటికీ అద్దంలో ఉండేదీ ప్రధానంగా సిలికానే, మన ఛత్రపురం ఒడ్డున తెల్లగా మెరిసే ఇసక రేణువూ సిలికానే. కాలిఫోర్నియా తీరంలో దొరికే టెథ్యా ఆరాన్షియా అనే స్పాంజిని ఆరబెడితే ఆ బరువులో ముప్పాతిక వంతు ఈ సూదులే. ఒక్కో సూది 2 మిల్లీమీటర్ల పొడవు, 30 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సూది మధ్యలో, పెన్సిల్లో గ్రాఫైట్‌లాగా, 2 మైక్రాన్ల సన్నటి ప్రోటీన్ పోగు.

ఆ పోగేమిటో 1998లో తేలింది. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డానియెల్ మోర్స్ బృందం, అందులో కత్సుహికో షిమిజు, జెన్నిఫర్ చా, సూదుల్లోంచి సిలికాని కరిగించి పోగుని బయటకి తీశారు. ఇలా కరిగించడానికి వాడేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. గాజు సీసాలో పోస్తే సీసానే తినేస్తుంది, ప్లాస్టిక్‌లో దాచాలి. చర్మం మీద పడితే ముందు పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముకలోని కాల్షియం దాకా పోతుంది. మా కాలేజీలో దాన్ని కొననివ్వరు. అందుకు నేను యాజమాన్యాన్ని ఒక్క మాట కూడా అనను.

పోగులో ఉన్న ప్రోటీనుకి సిలికాటీన్ అని పేరు పెట్టారు. దాని అమైనో ఆమ్లాల వరస చదివినవాళ్లకి తెలిసిన మొహం కనిపించింది. మన ఒంట్లో ప్రోటీన్లని ముక్కలు చేసే కాథెప్సిన్ ఎల్ అనే ఎంజైముకి ఇది దగ్గర చుట్టం. కాథెప్సిన్ ఎల్ ఏ కుటుంబమంటే, బొప్పాయి పాలలో ఉండే పపైన్ కుటుంబం. మాంసం ముదురుదైతే పచ్చి బొప్పాయి ముక్క వేసి ఉడికిస్తామే, ఆ పనిచేసే ఎంజైము వంశమే సముద్రంలో గాజు సూదులు పోస్తోంది. ఒకటి కోసే వృత్తి, ఒకటి కట్టే వృత్తి. మార్పు చూస్తే చిన్నది. పనిచేసే గుంటలో కాథెప్సిన్‌కి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉన్న చోట సిలికాటీన్‌కి సెరీన్ అనేది ఉంది. ఆ సెరీన్‌ని, దాని పక్కనుండే హిస్టిడీన్‌ని మార్చి చూస్తే పనితనం బాగా పడిపోయింది. అంటే ఆ జంట అవసరమే.

1999లో అదే బృందం ఇంకో పని చేసింది. పోగుల్ని టీఈఓఎస్‌లో పెట్టారు. ఆమ్లం లేదు, క్షారం లేదు, వేడి లేదు. పోగు మీద సిలికా పొర కట్టింది. పోగుని ముందే ఉడకబెట్టి పెడితే ఆ పని సరిగ్గా జరగలేదు. పట్టు పోగులు, నూలు పోగులు పెట్టి చూస్తే వాటి మీద ఏమీ కట్టలేదు. పట్టు చీరల ఊరివాణ్ణి కాబట్టి ఈ వాక్యం చదివినప్పుడు కాస్త చిన్నబోయాను. మా ఇంటి వెనక వీధిలో మగ్గాలున్నాయి. ఆ భాషలో చెప్పాలంటే సిలికాటీన్ పోగు పడుగులాంటిది, సిలికా దాని చుట్టూ చేరే పేక. తేడా ఏమిటంటే ఇక్కడ పడుగే నేతగాడు కూడా. 2020లో ఆ పోగుని ఎక్స్‌రేలతో అణువుల స్థాయిలో చూశారు. ప్రోటీను స్ఫటికంలా వరసగా పేర్చి ఉంది, ఆ సందుల్లోకి సిలికా అల్లుకుపోయింది.

ఇంతవరకూ మా కుర్రాడి స్లైడ్లతో నాకు పేచీ లేదు. పేచీ ఆ మొదటి స్లైడుతో, అందులోని 25 డిగ్రీలతో.

1000 డిగ్రీల సిలికా ఉంది, నిజమే. సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ని మంటలో కాల్చి చేసే ఫ్యూమ్డ్ సిలికా అది. కానీ నానో సిలికా గుండ్రటి రేణువుల్ని గది ఉష్ణోగ్రత దగ్గర చేయడం 1968 నుంచీ ఉంది. వెర్నర్ స్టోబర్, ఆయన సహచరులు ఆల్కహాల్లో టీఈఓఎస్, నీళ్లు, అమోనియా కలిపి చూపించారు. మా బీరువా చేసింది దాదాపు అదే, కాకపోతే మొరటుగా. అంటే చల్లగా చేయడం స్పాంజి దగ్గర్నుంచి నేర్చుకున్న కొత్త సంగతి కాదు. కొత్తదేమిటంటే అమోనియా కూడా లేకుండా, తటస్థ నీటిలో చేయడం. బొమ్మలో ఫ్యాక్టరీ పెట్టి పోల్చడం అంటే కాలినడకని విమానంతో పోల్చి, మధ్యలో సైకిలుందని చెప్పకపోవడం.

అసలు గొడవ ఇంకా వెనక ఉంది. టీఈఓఎస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? చెట్టుకి కాయదు. తెల్ల రాయిని, అంటే సిలికానే, బొగ్గుతో కలిపి కరెంటు కొలిమిలో 2000 డిగ్రీల దాకా మండిస్తే సిలికాన్ లోహం వస్తుంది. రాయగడ దగ్గర థెరుబలిలో ఫెర్రోక్రోమ్ కొలిములు చూసినవాళ్లకి అలాంటి కొలిమి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రాత్రిపూట రైల్లో పోతుంటే ఆకాశం ఎర్రగా కనిపిస్తుంది. టన్ను సిలికాన్ తీయడానికి సుమారు 11 నుంచి 13 వేల యూనిట్ల కరెంటు. ఆ సిలికాన్‌ని క్లోరిన్‌తో కలిపి టెట్రాక్లోరైడ్, దాన్ని ఆల్కహాల్‌తో కలిపి టీఈఓఎస్, పక్కన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిలికాన్‌ని నేరుగా ఆల్కహాల్‌తో కలిపే దారి కూడా ఉంది, కొలిమి మాత్రం తప్పదు.

ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా వేయగల లెక్క. 208 గ్రాముల టీఈఓఎస్ నుంచి వచ్చే సిలికా 60 గ్రాములు. మిగిలింది ఆల్కహాల్, 184 గ్రాములు. (మొత్తం 208 దాటిందేమిటని అడక్కండి, నీళ్లు కలిశాయి.) కిలో సిలికా కావాలంటే 467 గ్రాముల సిలికాన్ కొలిమిలోంచి వచ్చుండాలి. దానికి ఐదు నుంచి ఆరు యూనిట్ల కరెంటు. పక్కన 3 కిలోల ఆల్కహాల్ బయటపడుతుంది. దాన్ని పట్టి మళ్లీ వాడుకోకపోతే అదీ దండగే. అంటే మనం చేస్తున్నది ఇసకని పట్టుకుని 2000 డిగ్రీలకి తీసుకెళ్లి, రెండు మూడు మెట్లు ఎక్కించి, సీసాలో పోసి, ఆఖరి మెట్టు మీద స్పాంజి ఎంజైముతో మళ్లీ ఇసకగా మార్చి, ఆ ఆఖరి మెట్టు దగ్గర థర్మామీటర్ పెట్టి 25 అని రాసుకోవడం. పెళ్లి ఖర్చు అడిగితే తాంబూలాల ఖర్చు చెప్పినట్టు.

ఎంజైము ఖర్చు కూడా ఉంది. స్పాంజీల్ని సముద్రంలోంచి పీకి తీయడం కుదరదు, కూడదు కూడా. అందుకని ఆ జన్యువుని ఇ.కోలై అనే బ్యాక్టీరియాలో పెట్టి పెంచుతారు. సిలికాటీన్‌కి అక్కడో మొండితనం. బ్యాక్టీరియా లోపల కరగదు, ముద్ద కట్టేస్తుంది. దాన్ని యూరియాలాంటివాటితో విప్పి, మళ్లీ సరిగ్గా మడవాలి. కరిగే ఇంకో ప్రోటీనుకి అతికించి లాగే పద్ధతులొచ్చాయి. మాంచెస్టర్‌లో అలా చేసి, సిలికాన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధాల్ని ఈ ఎంజైము ఎంతవరకు కడుతుందో 2017లో నెమ్మదిగా, నిజాయితీగా కొలిచారు. ఈ రంగంలో నాకు నచ్చిన పని అది. ఏదేమైనా బ్యాక్టీరియాని పెంచే ముందు పాత్రల్లో క్రిములు చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, ఎంజైముని దాచే ఫ్రీజర్ మైనస్ 80. స్లైడులో ఆ రెండూ ఉండవు. మా ఊళ్లో తుపానొచ్చి కరెంటు పోతే ఆ ఫ్రీజర్ సంగతేమిటో 2013లో ఫైలిన్ తుపాను చూసినవాళ్లెవరైనా చెప్తారు.

మరి స్పాంజి ఏం చేస్తోంది? దానికి టీఈఓఎస్ ఎవరూ పోయలేదు. రాళ్లు అరిగి, ఋషికుల్యలాంటి నదుల్లో కరిగి సముద్రంలోకి వచ్చే సిలిసిక్ ఆమ్లమే దానికి ముడిసరుకు. అది చాలా పలచన. చాలా సముద్రాల పైనీటిలో లీటరుకి 10 మైక్రోమోల్ కూడా ఉండదు. సిలికాగా లెక్కేస్తే లీటరు నీళ్లలో 0.6 మిల్లీగ్రాము లోపే. తన ఒంటికి వేల రెట్ల నీటిని రోజూ లోపలికి లాగి వదులుతూ, ఆ నీటిలోంచి ఆ కాస్తనీ పట్టి, కణం లోపలి చిన్న సంచుల్లో కూడబెట్టి, అక్కడ పోగు చుట్టూ పోస్తుంది. సిలికాటీన్ తాపీమేస్త్రి మాత్రమే. ఇసక మోసేవాళ్లు, నీళ్లు పట్టేవాళ్లు, పునాది గీసేవాళ్లు వేరే ఉన్నారు. మనం ఒక్క మేస్త్రిని కిడ్నాప్ చేసి తెచ్చి, ఇల్లు ఎలా కట్టాలో తెలిసిపోయిందంటున్నాం.

ఆ మేస్త్రి కూడా అందరి దగ్గరా లేడు. లోతు సముద్రంలో వీనస్ పూలబుట్ట అని పిలిచే గాజు స్పాంజి ఉంది. దాని గాజు పోగులు వెలుగుని ఆప్టికల్ ఫైబర్‌లా మోస్తాయని 2003లో చూపించారు. దాని సూదుల్లోంచి 2015లో షిమిజు వాళ్లే గ్లాసిన్ అనే ఇంకో ప్రోటీన్ తీశారు. సిలికాటీన్‌కి ఏ పోలికా లేదు, హిస్టిడీన్ నిండా ఉంటుంది. డయాటమ్ అనే ఏకకణ నాచులు సిలాఫిన్లనే ప్రోటీన్లతో గాజు పెట్టెలు కట్టుకుంటాయి. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ కూడా, దానికి స్పాంజితో ఏ సంబంధమూ లేకపోయినా, సిలికాని గబగబా గడ్డకట్టిస్తుంది. 2005లో మోర్స్ బృందమే సిస్టియమైన్ లాంటి చిన్న అణువులు తటస్థ నీటిలో ఈ పనిలో కొంత చేస్తాయని చూపించింది. సిలికాటీన్ కనిపెట్టినవాళ్లే దాని గొప్పతనానికి హద్దు గీశారు. అది నాకు గౌరవం పెంచిన విషయం.

కాబట్టి సిలికాటీన్ పనికిరాదంటున్నానా? లేదు. దాన్ని తప్పు కారణానికి పొగుడుతున్నాం అంటున్నాను. చవకగా టన్నుల కొద్దీ సిలికా చేయడానికి అది కాదు. చెప్పిన చోట మాత్రమే, వేడీ ఆమ్లమూ తట్టుకోలేని వస్తువు మీద, పలచటి పొర కట్టించాలంటే అది. ఇంకో ఎంజైముని చంపకుండా గాజు పెట్టెలో దాచాలన్నా, ఒక ఉపరితలం మీద గీసిన గీత వెంబడే సిలికా రావాలన్నా పోగుకి అతుక్కున్న ఎంజైము విలువ తెలుస్తుంది. టైటానియం ఆక్సైడ్, గాలియం ఆక్సైడ్ కూడా అది చల్లగా పోయగలదని 2003, 2005 సంవత్సరాల్లో చూపించారు. టైటానియం అనగానే మావాళ్లు ఛత్రపురం ఇసక వైపు చూస్తారు. అక్కడ ఐఆర్ఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీ తవ్వేది టైటానియం ఖనిజం ఇల్మనైటే కదా, స్పాంజి ఎంజైము చల్లితే సరి అని. సరి కాదు. ఆ ఎంజైము పనిచేసేది నీళ్లలో కరిగే ప్రత్యేకమైన టైటానియం సమ్మేళనం మీద. ఇల్మనైట్‌ని అక్కడిదాకా తేవడానికి మళ్లీ ఆమ్లాలు, కొలిములే.

సిలికా చవకగా కావాలంటే మా జిల్లాల్లో చూడాల్సింది సముద్రం వైపు కాదు, రైసుమిల్లు వెనక వైపు. వరి కూడా స్పాంజిలాంటిదే, నేలలోని సిలిసిక్ ఆమ్లాన్ని వేరుతో తాగి ఊకలో దాస్తుంది. ఆ తాగే జన్యువుని 2006లో జపాన్‌లో పట్టుకున్నారు. టన్ను వడ్లకి సుమారు 200 కిలోల ఊక, కాలిస్తే 40 కిలోల బూడిద, అందులో 35 కిలోల దాకా సిలికా. పైగా స్ఫటికం కట్టని సిలికా, 700 డిగ్రీలు దాటకుండా కాలిస్తే. దాటితే క్రిస్టోబలైట్ అనే స్ఫటికం అవుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, బూడిద ఎత్తే కూలీలకి ఆ మాట ఎవరూ చెప్పరు. ఇసకని సోడాతో 1300 డిగ్రీల పైన కరిగించి చేసే సోడియం సిలికేట్‌ని, ఊక బూడిదని కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి చేయొచ్చు. అన్నం ఉడికే వేడి చాలు. కాస్టిక్ సోడాకీ కరెంటు ఖర్చుంది, అదీ రాయాలి. రాస్తే కూడా లెక్క మెరుగ్గానే తేలుతుందని నా నమ్మకం.

ఇదంతా విన్నాక మా కుర్రాడు ఒక ప్రశ్న అడిగాడు. "సార్, సిలికాటీన్ బొప్పాయి చుట్టమైతే, బొప్పాయి పాలు పోసి చూడొచ్చా?"

ఈ ప్రశ్న నాకు తట్టనందుకు కాస్త ఉడుక్కున్నాను. కాథెప్సిన్ ఎల్‌లో కొన్ని ముక్కలు సిలికాటీన్‌వి పెట్టి, అది సిలికా కట్టిస్తుందేమోనని 2008లో స్కాట్లండులో చూశారు, కొంత కట్టించింది. పపైన్‌కి ఆ సెరీన్ లేదు, పెద్దగా ఆశ పెట్టుకోకు అన్నాను. అయినా చేద్దాం.

మిల్లు నుంచి వాడే గోనెసంచిలో బూడిద తెచ్చాడు. కాస్టిక్‌తో ఉడకబెట్టి వడకట్టాం. మొదట టీ డికాషన్ రంగులో వచ్చింది, బొగ్గు మిగిలిపోయి. బూడిదని మళ్లీ కాల్చి చేస్తే తేటగా వచ్చింది. హాస్టల్ వెనక బొప్పాయి కాయకి బ్లేడుతో గీతలు పెట్టి పాలు పట్టాడు. క్యాంటీన్ నుంచి గుడ్డు. నాలుగు గొట్టాల్లో సిలికేట్ పోసి, ఆమ్లంతో తటస్థం చేసి, ఒకదాంట్లో తెల్లసొన, ఒకదాంట్లో బొప్పాయి పాలు, ఒకదాంట్లో రెండూ వేశాం. నాలుగోదాంట్లో ఏమీ వేయలేదు. ఆ నాలుగోది ఎందుకు సార్ అని అడిగాడు. ఉండనీ అన్నాను.

తెల్లసొన గొట్టం చూస్తుండగానే తెల్లబడింది. వాడు ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు, ముఖం వెలిగిపోతోంది. బొప్పాయి గొట్టం కాస్త మసకేసింది. అది సిలికానో, పాల మడ్డో తెలియదు. టీ తాగొద్దాం రా అని తీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి నాలుగు గొట్టాలూ తలకిందులు చేసినా కారడం లేదు. ఏమీ వేయని గొట్టం అన్నిటికన్నా తేటగా, గట్టిగా, గాజులా గడ్డకట్టి ఉంది.

వాడు దాన్ని వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నోట్‌బుక్‌లో రాసుకుంటూ అడిగాడు, "అయితే సార్, స్పాంజి సంచిలో ఇంత చిక్కగా ఉన్నా ముందే గడ్డకట్టకుండా ఎలా ఆపుతోంది?"

మొదటి స్లైడు అప్పుడే తీసేశాడు.